పిల్లలతో ఫోరెన్సిక్ సైన్స్ – 3వ పాఠం: గాజు గ్లాసు మీద వేలిముద్ర

గత పాఠంలో అడుగుజాడలు కొలిచాం. ఈసారి వేలిముద్రలు. ‘క్లూస్ టీం వేలిముద్రలు సేకరించింది’ అన్న వాక్యాన్ని పిల్లలు పేపర్లో చదివే ఉంటారు. ఆ సేకరణను వాళ్ల చేతులతోనే చేయిద్దాం. ఎనిమిదో తరగతికి రెండు పీరియడ్లు సరిపోతాయి.

మెత్తటి పెన్సిలు (4బి దొరికితే మంచిది), గరుకు కాగితం, వెడల్పాటి పారదర్శక టేపు, పల్చని ప్లాస్టిక్ షీటు, తెల్ల కాగితాలు, మెత్తటి రంగుల కుంచె, భూతద్దం, శుభ్రంగా తుడిచిన గాజు గ్లాసు సిద్ధం చేసుకోండి.

మొదట ఎవరి ముద్రలు వాళ్లు తీసుకోవాలి. కాగితం మీద పెన్సిలుతో నల్లగా రుద్ది, ఆ మరకపై వేలిని రుద్దాలి. వేలికి టేపు అంటించి, మెల్లగా ఊడదీసి, ప్లాస్టిక్ షీటుకు అతికించాలి. తెల్ల కాగితానికి అతికించవద్దు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇక చూడమనండి. వేళ్ల మీద శంఖాలు, చక్రాలు లెక్కపెట్టుకునే అలవాటు మన పిల్లలకు ఉన్నదే. గీతలు గుండ్రంగా తిరిగితే సుడి. ఒక పక్కనుంచి వచ్చి, వంపు తిరిగి అటే వెళ్లిపోతే ఉచ్చు. అలలా లేచి దిగితే కమాను. ఉచ్చులే ఎక్కువగా కనిపిస్తాయి, కమానులు అరుదు. ఇక్కడొక లెక్క ఇవ్వండి: ఒక్కో వేలికి ‘సుడి ఉంది, లేదు’ అని రెండే జవాబులైతే, పది వేళ్లకు ఎన్ని రకాలు? రెండును పదిసార్లు గుణిస్తే 1024. 1897లో కలకత్తాలో మొదలైన వేలిముద్రల బ్యూరోలో ముద్రల కార్డులను సర్దిన పద్ధతికి పునాది ఈ లెక్కే. దాన్ని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులు చాలా కష్టపడ్డారు. పద్ధతికి మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది. ఆ ఇద్దరి పేర్లూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ఇప్పుడు గ్లాసు. ఒక విద్యార్థి వేలిని నుదుటికి రాసుకుని, గ్లాసును గట్టిగా పట్టుకుని వదలాలి. గరుకు కాగితం మీద పెన్సిలు ములుకును అరగదీస్తే పొడి వస్తుంది. కుంచె కొనకు చిటికెడు పొడి అద్ది, గాజుకు తగిలీ తగలనట్టు తిప్పాలి. గట్టిగా రాస్తే గీతలు చెరిగిపోతాయి. పొడిని నోటితో ఊదనివ్వకండి. గీతలు తేలగానే టేపు వేసి ఎత్తి, తెల్ల కాగితంపై అతికించాలి.

పోల్చేటప్పుడు చాలా తరగతులు ఇక్కడే తడబడతాయి. గ్లాసు మీద పడింది వేలికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. వేలి నుంచి నేరుగా టేపుతో తీసినది వేలిని చూసినట్టే ఉంటుంది. రెండింటికీ కుడి ఎడమలు తారుమారు! అందుకే ప్లాస్టిక్ షీటు వాడమన్నాను. దాన్ని వెనక్కి తిప్పి చూస్తే రెండూ ఒకే తీరున కనిపిస్తాయి. ఈ కిటుకును ముందే చెప్పేయకండి. ‘ఎవరిదీ కలవడం లేదు’ అని పిల్లలు తల పట్టుకున్నాక, వాళ్లనే ఆలోచించనివ్వండి.

ఆకారం కలిస్తే చాలదు. ఒక గీత రెండుగా చీలినచోటు, మధ్యలో ఆగినచోటు, అవి ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి.

మొదటిసారి నేను ఈ పాఠానికి ‘దొంగను పట్టుకోండి’ అని పేరు పెట్టాను. ముద్ర కలిసిన పాప, ఆటే అని తెలిసినా ఏడ్చేసింది. ఆ రోజు నుంచి ప్రశ్న మార్చాను: ‘ఈ గ్లాసును ఎవరు ముట్టుకున్నారు?’ శాస్త్రం జవాబు చెప్పగలిగింది కూడా అంతవరకే. 1898లో బెంగాల్‌లోని జల్పాయ్‌గురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అక్కడి పంచాంగంపై దొరికిన ముద్ర, పాత నేరస్థుడు కంగాలీ చరణ్ బొటనవేలితో కలిసింది. అయినా కోర్టు అతనికి దొంగతనానికే శిక్ష వేసింది, హత్యకు కాదు. అతను అక్కడికి వచ్చాడని ముద్ర చెప్పింది. చంపాడని చెప్పలేదు. ఈ కథ చెప్పి, ఎందుకలా అని పిల్లలతో వాదన పెట్టించండి. అరగంట పట్టినా ఆపకండి.

చివరగా, షీట్లన్నీ పిల్లలకే తిరిగి ఇచ్చేయండి. ఫోనుతో ఫొటోలు తీయవద్దు. అవి వాళ్ల వేలిముద్రలు.

వచ్చే పాఠానికి వేర్వేరు కంపెనీల నల్ల స్కెచ్ పెన్నులు మూడు, వడపోత కాగితం తెచ్చిపెట్టుకోండి. ఒకే నలుపులో ఎన్ని రంగులు దాగున్నాయో చూద్దాం.