మిన్నెసోటా చలిలో విండ్‌షీల్డ్ చిప్ ఎలా ఫిక్స్ చేశానంటే

హైవే మీద ముందు ట్రక్కు నుంచి రాయి లేచి తగిలింది, అద్దం మీద నక్షత్రంలా చిన్న చిప్, పావు డాలర్ బిళ్ళ కన్నా చిన్నదే. షాపువాళ్ళు వచ్చే వారం రమ్మన్నారు, బయట పార్కింగ్‌లో రిపేర్ కిట్ వాడదామంటే ఆ చలికి రెసిన్ (చిప్‌లో నింపే జిగురు లాంటి ద్రవం) చిక్కబడి లోపలికి దిగనే లేదు.

పనిచేసింది ఇది. ముందు చిప్ మీద ట్రాన్స్‌పరెంట్ టేప్ వేశా, తడి లోపలికి పోయి గడ్డకడితే పగులు పెరుగుతుంది కదా. తర్వాత ఫ్రెండ్ వాళ్ళ హీటెడ్ గరాజ్‌లో రాత్రంతా కారు వదిలేశా, అసలు కిటుకు ఇదే, అద్దం దానంతటదే మెల్లగా వేడెక్కాలి, డీఫ్రాస్టర్ (అద్దం మీద మంచు కరిగించే వేడిగాలి) ఫుల్‌లో పెట్టడం, వేడినీళ్ళు పొయ్యడం అస్సలొద్దు. పొద్దున టేప్ తీసి, చిప్ పూర్తిగా ఆరిందని చూసుకుని, కిట్‌లోని ఇంజెక్టర్ (రెసిన్‌ని లోపలికి నెట్టే గొట్టం) బిగించి రెసిన్ వేసి, ప్రెషర్ పెట్టడం వదలడం కాసేపు చేస్తే లోపలి గాలి బుడగలు బయటకొచ్చాయి. పైన ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి రెసిన్ గట్టిపడటానికి యూవీ లైట్ కొట్టా (చలికాలం ఎండని నమ్ముకోలేం), గట్టిపడ్డాక బ్లేడుతో గీకేశా.

మచ్చ లీలగా కనిపిస్తుంది, పగులు మాత్రం ఇంతవరకు పాకలేదు. మీకూ అవుతుందని గ్యారంటీ ఇవ్వను, నాది డ్రైవర్ చూపుకి అడ్డం లేదు, అద్దం బయటి పొర మాత్రమే దెబ్బతింది. పొడుగు గీత పడితే షాపుకే వెళ్ళండి, ఇన్సూరెన్స్‌వాళ్ళని కూడా అడగండి, చాలా పాలసీల్లో చిప్ రిపేర్‌కి డిడక్టిబుల్ (మన జేబులోంచి కట్టే వాటా) ఉండదు. సూపర్ గ్లూ మాత్రం పెట్టకండి, తర్వాత రెసిన్‌కి చోటుండదు.