ఖాళీ చేయమని నోటీసు వస్తే కవరు పారేయకండి

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే అద్దె ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. ఓనరుగారు మెట్ల దగ్గర ఆపి "పిల్లల పరీక్షలు ఎప్పటికి అయిపోతాయమ్మా" అని అడిగితే, ఆయన అడిగేది పరీక్షల గురించి కాదని ఇంట్లో అందరికీ అర్థమైపోతుంది. 16 ఏళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాను. ఇప్పుడు మా పై పోర్షన్ అద్దెకిచ్చాను. రెండు వైపులా ఉండి చూశాక నాకు అర్థమైంది ఇది: నోటీసు అందుకున్నవాళ్లు అవసరానికి మించి భయపడతారు, ఇచ్చిన ఓనర్లకు అవసరానికి మించి ధైర్యం వస్తుంది. నోటీసుతో ఎవరూ ఇంట్లోంచి బయటికి పోనక్కర్లేదు. ఒప్పుకుని ఖాళీ చేయాలి, లేదా కోర్టు ఉత్తర్వు రావాలి. అలాగని నోటీసును పక్కన పడేస్తే మాత్రం కొంప మునుగుతుంది.

నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. ఒకప్పుడు నాకు లాయరు నోటీసు వచ్చింది. కంగారులో కాగితం నాలుగుసార్లు చదివి ఫైల్లో పెట్టాను, కవరు చెత్తబుట్టలో వేశాను. తర్వాత నా లాయరు అడిగిన మొదటి మాట, "కవరేదండీ?" నోటీసు మీద తేదీ 2. పోస్టులో మా ఇంటికి చేరింది 11న. గడువు లెక్క మన చేతికి అందిన రోజు నుంచే మొదలవుతుంది. ఆ తొమ్మిది రోజుల తేడాను చూపించే తపాలా ముద్ర కవరు మీదే ఉంది. కాబట్టి కవరు రెండు వైపులా ఫొటో తీసి, నోటీసుకి పిన్ను కొట్టి దాచండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ట్రాకింగ్ నంబరు ఉంటుంది కనుక ఏ రోజు డెలివరీ అయిందో ఆన్‌లైన్‌లో చూసి స్క్రీన్‌షాట్ కూడా తీసుకోండి.

గడువు ఎంత అన్నది ముందు అగ్రిమెంటులో చూడాలి. రెండు నెలలని రాసుకుంటే రెండు నెలలే. ఏమీ రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు చాలు. మనలో చాలామందిది 11 నెలల అగ్రిమెంటు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ అన్న లెక్కతో ఆ 11 నెలల అలవాటు వచ్చింది. గడువు ముగిశాక కొత్తది రాసుకోవడం ఎవరికీ గుర్తుండదు. వీళ్లు అద్దె ఇస్తుంటారు, వాళ్లు తీసుకుంటుంటారు. అప్పుడు అది మామూలుగా నెలవారీ అద్దె కింద సాగుతున్నట్టే లెక్క. "అగ్రిమెంటు అయిపోయింది, రేపే దిగిపోండి" అనడం కుదరదు.

నోటీసు రాతపూర్వకంగా ఉండాలి. ఓనరు గానీ, ఆయన తరఫున లాయరు గానీ సంతకం పెట్టాలి. పోస్టులో పంపవచ్చు, చేతికివ్వవచ్చు, ఇంట్లో వాళ్లకి ఇవ్వవచ్చు, అవేవీ కుదరకపోతే తలుపుకి అతికించవచ్చు. పోస్ట్‌మ్యాన్ వస్తే "ఇంట్లో లేరని చెప్పు" అని పిల్లాడితో చెప్పించడం పాతకాలపు తెలివి. తీసుకోనన్నారని కవరు మీద రాసి వెనక్కి పంపితే కోర్టులు సాధారణంగా అందినట్టే లెక్కేస్తాయి. చదవకుండానే గడువు మొదలైపోతుంది. నోటీసులో రెండు రోజులు తక్కువిచ్చారు కాబట్టి అది చెల్లదని కూర్చోవడం కూడా ఇప్పుడు పనికిరాదు. 2002లో చట్టాన్ని సవరించారు. నోటీసులో గడువు తక్కువున్నా, 15 రోజులు పూర్తయ్యాక కేసు వేసి ఉంటే ఆ ఒక్క కారణంతో నోటీసును కొట్టేయరు.

జవాబు రాయండి. రెండు పేరాలైనా చాలు. అద్దె ఏ నెల వరకు కట్టారు, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, ఖాళీ చేయడానికి ఒప్పుకుంటారా లేదా, ఒప్పుకుంటే ఎప్పటికి. ఊరుకుంటే అవతలివాళ్లు రాసిందంతా మీరు కాదనలేదని చెప్పుకోవడానికి వీలవుతుంది.

అద్దె మాత్రం ఆపొద్దు. "ఎలాగూ పొమ్మంటున్నారుగా, అడ్వాన్సులో పట్టుకోమందాం" అనుకునేవాళ్లే ఎక్కువ దెబ్బ తింటారు. ఓనరు రాసి ఒప్పుకుంటే తప్ప అడ్వాన్సు అద్దె కాదు. నగదు తీసుకోకపోతే బ్యాంకు ఖాతాకి పంపి, ఏ నెల అద్దో రాయండి. ఒకవేళ బాకీ పడి, దాని మీదే ఖాళీ చేయించే కేసు వస్తే, విచారణలో బాకీ, వడ్డీ, ఖర్చులు మొత్తం కట్టేస్తే ఆస్తి బదలాయింపు చట్టం 114వ సెక్షన్ కింద కోర్టు మిమ్మల్ని కొనసాగనివ్వవచ్చు. ఇస్తుందనే గ్యారంటీ లేదు.

ఇదే అద్దె విషయంలో ఓనర్లు జారిపడే చోటు ఒకటుంది. నోటీసు గడువు దాటాక ఏమీ మాట్లాడకుండా అద్దె తీసుకుంటూ పోతే, నోటీసు వదులుకున్నారని అద్దెదారు వాదించవచ్చు. అందుకే "నోటీసు హక్కు వదులుకోకుండా తీసుకుంటున్నాను" అని ఒక లైను రాసి పంపండి. మెసేజైనా ఏమీ లేకపోవడం కన్నా నయం.

అసలు ప్రమాదం కోపంలో చేసే పనులతోనే. మోటారు ఆపేయడం, కరెంటు తీసేయడం, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేయడం. ఇల్లు మీదే కావచ్చు. కానీ చట్టప్రకారం కాకుండా బయటికి పంపేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద వాళ్లు ఆరు నెలల్లోపు కేసు వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఆ కేసులో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. అద్దెదారులకు ఇలా జరిగితే తాళం ఫొటో, గుమ్మం బయట పడేసిన సామాన్ల వీడియో తీసి, ఆ రోజే పోలీసులకు రాసివ్వండి. "ఇది సివిల్ మ్యాటర్" అంటారు, అన్నా సరే ఫిర్యాదు ఇచ్చినట్టు రసీదు అడగండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

పన్నెండేళ్లుంటే ఇల్లు అద్దెదారులదైపోతుందని కొందరు ఓనర్లు పదకొండో ఏడు నుంచే నిద్రపోరు. అద్దె కడుతూ మీ అనుమతితో ఉన్నవాళ్లకి అలా హక్కు రాదు. ఇల్లు అమ్మితే అద్దెదారు ఆటోమేటిగ్గా పోవాలన్నదీ తప్పే. కొన్నవాళ్లు పాత ఓనరు స్థానంలోకి వస్తారు, అంతే. అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందని కూడా ధీమా పడకండి. తెలంగాణలో 1960 నాటి ఆ చట్టం కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన అద్దెలకు వర్తించదు. ఆ అద్దెకు ఇప్పుడు ఇల్లెక్కడ దొరుకుతుంది? రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదన్న 2021 కేంద్ర నమూనా చట్టం కూడా రాష్ట్రం తెచ్చుకుంటేనే అమలవుతుంది.

ఖాళీ చేసే రోజు గొడవంతా గోడల దగ్గరే. వాడకం వల్ల వెలిసిన రంగు అద్దెదారు తప్పు కాదు, పగలగొట్టిన సింకు తప్పే. అగ్రిమెంటులో పెయింటింగ్ ఖర్చు మీదేనని రాసి ఉంటే మాత్రం గొణుక్కుంటూ ఇవ్వాల్సిందే. సామాన్లు లారీ ఎక్కాక, ఖాళీ గదులు ఇద్దరూ కలిసి తిరిగి చూడండి. వీడియో తీయండి, కరెంటు మీటరు రీడింగుతో సహా. ఒక తెల్లకాగితం మీద తేదీ, తాళాలెన్ని, పట్టుకున్న ఖర్చెంత, తిరిగిచ్చిన అడ్వాన్సెంత రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. తాళాల గుత్తి ఇవ్వడం, అడ్వాన్సు తీసుకోవడం రెండూ అక్కడే ఒకేసారి జరగాలి. "సాయంత్రం ఫోన్‌పే చేస్తాలెండి" అంటే, నవ్వుతూనే ఆ ఖాళీ గదిలో సాయంత్రం దాకా కూర్చోండి.