కరోనా ఆంక్షల మధ్య ఇంట్లోనే క్రిస్మస్ జరుపుకోవడం ఎలా?

2020 క్రిస్మస్‌కి మేము మొదట చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఉదయం తొమ్మిదింటికి ఫోన్‌లో ఆరాధన లైవ్ పెట్టి, ఫోన్‌ని స్టీలు చెంబుకి ఆనించి, అందరం దాని ముందు కూర్చున్నాం. మొదటి కీర్తన రెండో చరణంలోనే తెర మీద చక్రం తిరగడం మొదలైంది. ఈలోగా కూర చూసొద్దామని నేను లేచాను. నా వెనకే మావారు కాఫీ కోసం, పెద్దాడు చార్జర్ కోసం లేచారు. తిరిగొచ్చేసరికి ఆశీర్వాదం కూడా అయిపోయింది. మా అత్తయ్యగారు ఒక్కరే తల మీద కొంగేసుకుని, కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్నారు. పదిన్నరకల్లా ఎవరి మంచం వాళ్లు ఎక్కేశారు. కొత్త చీర కట్టుకుని పొద్దున్నే పడుకోవడం నాకు అదే మొదటిసారి.

సాయంత్రం మళ్లీ మొదటినుంచి, ఫోన్ లేకుండా చేసుకున్నాం. అది కుదిరింది. 2021 డిసెంబరు 2న కర్ణాటకలో కరోనా కొత్త రకం ఒమిక్రాన్ కేసులు బయటపడ్డాక మళ్లీ అందరిలో అదే టెన్షన్ మొదలైంది కాబట్టి, అప్పుడు నేర్చుకున్నది రాస్తున్నాను. చర్చిలో పండుగ దానంతటదే నడుస్తుంది. గంట కొట్టేవాళ్లు, పాట ఎత్తుకునేవాళ్లు, వాక్యం చెప్పేవాళ్లు, కానుక సంచి పట్టేవాళ్లు వేరే ఉంటారు. ఇంట్లో ఆ పనులన్నీ ముందే తలా ఒకటి పంచాలి. పంచకపోతే మాలాగే పదిన్నరకి పడుకుంటారు.

వారం ముందు: ఎవరు వస్తారో తేల్చుకోండి

ఆంక్షలున్నప్పుడు అవి ఊరికో రకంగా, వారానికో రకంగా మారుతుంటాయి. వాట్సాప్‌లో తిరిగే పాత ఉత్తర్వులు నమ్మకుండా మీ జిల్లా అధికారుల ప్రకటన చూడండి. తర్వాత మీ అయ్యగారికి, అంటే చర్చి పాస్టరుగారికి, ఫోన్ చేసి, ఆరాధన ఎన్ని విడతలుగా పెడుతున్నారు, పేర్లు ముందుగా రాయించుకోవాలా అని అడగండి. 2021లో క్రిస్మస్ శనివారం వచ్చింది. 26 ఆదివారం. పండుగ రోజు ఇంట్లో ఉండి, రద్దీ తక్కువైతే ఆదివారం ఆరాధనకి వెళ్లడం కూడా ఒక దారి.

2020 జూన్ 8న ప్రార్థనా స్థలాలు తెరిచినప్పుడు 65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, షుగరు, గుండె జబ్బులాంటివి ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండటం మంచిదని కేంద్రం చెప్పింది. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే, వాళ్లను ఒంటరిగా వదిలి మిగతావాళ్లు చర్చికి వెళ్లే కంటే అందరూ ఇంట్లోనే చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

చుట్టాల్ని పిలిచేటట్టయితే ఒక్క కుటుంబం చాలు. డాబా మీద గానీ వాకిట్లో గానీ కూర్చోండి. లోపలే తప్పదంటే కిటికీలు తెరిచి ఉంచండి, చలికి శాలువా కప్పుకోవచ్చు. దగ్గుతో ఉన్న బాబాయిని రావద్దనడం కష్టమే. పండుగ ముందురోజు చెప్తే గొడవ కూడా అవుతుంది. అదే వారం ముందు ఫోన్ చేసి, "బాబాయ్, ఈసారి ఎవరికి కాస్త ఒంట్లో బాగాలేకపోయినా ఇంట్లోనే ఉందామని అనుకున్నాం, మాతో సహా" అంటే ఎవరూ నొచ్చుకోరు. "మాతో సహా" అన్న మాట మాత్రం మర్చిపోకండి.

ఆంక్షలున్నప్పుడు ఇంటింటికీ తిరిగే క్యారల్స్ వద్దు. పాట పాడితే ఏమవుతుంది అని మా యూత్ పిల్లలు కూడా అడిగారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ కౌంటీలో 2020 మార్చి 10న ఒక పాటల బృందం రెండున్నర గంటలు ప్రాక్టీసు చేసింది. వచ్చింది 61 మంది. అందులో 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. గొంతెత్తి పాడినప్పుడు మామూలు మాటల కంటే తుంపర్లు ఎక్కువ వస్తాయి, మూసిన గదిలో గాలిలోనే తిరుగుతుంటాయి. ఈ సంగతి చెప్పాక మావాళ్లు గిటారు పక్కన పెట్టేశారు.

నాలుగు రోజుల ముందు: నక్షత్రం కట్టండి

బజార్లో ప్లాస్టిక్ స్టార్లు దొరుకుతాయి. అయినా ఇంట్లో కట్టమంటాను, ఎందుకంటే బయటికి వెళ్లలేని పిల్లలకి రెండు సాయంత్రాలు దీంతో ఇట్టే గడిచిపోతాయి.

తడికెలు, బుట్టలు అల్లేవాళ్ల దగ్గర మూడడుగుల వెదురు బద్దలు పది తెచ్చుకోండి. ఐదు బద్దలతో ఒక నక్షత్రం కట్టాలి. పలక మీద చెయ్యి ఎత్తకుండా ఐదు గీతల్లో నక్షత్రం గీస్తామే, అదే పద్ధతి. బద్దలు ఒకదానికొకటి కింద నుంచి, పై నుంచి వెళ్లేలా అమర్చి, ఐదు కొసలనీ పురికొసతో బిగించండి. ఇలాంటిదే ఇంకొకటి కట్టి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, కొసల దగ్గర కలిపి కట్టేయండి.

ఇప్పుడు మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఐదు ఉంటాయి. ఒక్కోచోట రెండు చట్రాల మధ్య ఆరంగుళాల పుల్ల నిలబెట్టి కట్టండి. అప్పుడే నక్షత్రానికి పొట్ట వస్తుంది. పెద్దగా ఉంటే బాగుంటుందని మావాడు తొమ్మిదంగుళాల పుల్లలు దూర్చాడు, ఒక కొమ్ము టప్పున విరిగింది.

గాలిపటాల కాగితాన్ని ఒక్కో కొమ్ముకి విడిగా కత్తిరించి, మైదా ఉడికించిన జిగురుతో అంటించండి. వెనకవైపు చెయ్యి పట్టేంత సందు వదిలితే బల్బు దూర్చడానికి ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. పాత పసుపు బల్బు వేడికి కాగితం మాడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. డిసెంబరు మంచుకి జిగురు ఊడిపోతుంది కాబట్టి సన్‌షేడ్ కింద వేలాడదీయండి.

క్రిస్మస్ చెట్టుకి మా గుంటూరు వైపు సరుగుడు కొమ్మే వాడతాం. ఇసుక పోసిన బకెట్లో నిలబెడితే సరి.

రెండు రోజుల ముందు: కేకు

పిండివంటల గురించి నేను చెప్పక్కర్లేదు. అరిసెలు, జంతికలు ఎవరింట్లో ఎలా చేస్తారో అలాగే చేసుకోండి. బేకరీ దగ్గర క్యూలో నిలబడటం ఇష్టం లేనివాళ్ల కోసం కేకు మాత్రం చెప్తాను. ఓవెన్ అక్కర్లేదు, గుడ్లు కూడా అక్కర్లేదు.

కప్పు పెరుగులో కప్పు పంచదార కరిగేదాకా గిలక్కొట్టి, టీస్పూనుంపావు బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంటసోడా కలిపి ఐదు నిమిషాలు వదిలేయండి. బుడగలు వస్తాయి. అరకప్పు నూనె, కాస్త వెనిలా ఎసెన్స్ పోసి, జల్లించిన మైదా కప్పున్నర మూడు విడతలుగా కలపండి. జీడిపప్పు, టూటీఫ్రూటీ ముందు పొడి మైదాలో దొర్లించి వేయండి, లేకపోతే అన్నీ అడుక్కి దిగిపోతాయి.

పాత కుక్కర్లో రెండు గ్లాసుల ఉప్పు పరిచి, పైన స్టాండు పెట్టి, గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయండి. నీళ్లు పోయకూడదు. తర్వాత నూనె రాసిన గిన్నెలో పిండి పోసి లోపల పెట్టి, సన్న మంట మీద నలభై, నలభై అయిదు నిమిషాలు ఉంచండి. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి.

24 రాత్రి: ఇంటి ఆరాధన

టైము ఏడున్నర పెట్టుకోండి. అర్ధరాత్రి ఆరాధన ఏడున్నరకేంటి అని మా అత్తయ్యగారు మూతి ముడిచారు. ఇటలీలో రాత్రి పదికి కర్ఫ్యూ ఉందని 2020లో పోప్ ఫ్రాన్సిస్ కూడా వాటికన్‌లో క్రిస్మస్ ముందు రాత్రి పూజని ఏడున్నరకే జరిపారు. ఆ మాట విన్నాక, మనం క్యాథలిక్కులం కాదుగా అంటూనే ఒప్పుకున్నారు.

కాగితం మీద వరస రాసి, పక్కన పేరు రాయండి. దీపం ఎవరు వెలిగిస్తారు, పాట ఎవరు ఎత్తుకుంటారు, ఎవరు చదువుతారు, ప్రార్థన ఎవరిది, కానుక ఎవరు పడతారు. చిన్నపిల్లలకి దీపం, కానుక ఇస్తే పరుగెత్తుకొస్తారు. ఒక్క జాగ్రత్త. శానిటైజర్‌లో ఆల్కహాల్ ఉంటుంది. రాసుకున్న చేతులతో వెంటనే కొవ్వొత్తి వెలిగించొద్దు. ఆరాధనకి ముందు సబ్బుతో కడుక్కోవడమే మంచిది.

పాటలు మూడు చాలు, అవి కూడా అందరికీ నోటికి వచ్చినవే. ఒకటి ఇంట్లో పెద్దవాళ్లు కోరినది ఉండాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవకుండానే అత్తయ్యగారు ఐదు చరణాలు పాడేస్తే మా పిల్లలు నోరెళ్లబెట్టి చూశారు. చర్చిలో అంతమంది గొంతుల మధ్య ఆవిడ గొంతు మాకెప్పుడూ విడిగా వినపడలేదు.

వాక్యానికి లూకా సువార్త 2వ అధ్యాయం మొదటి 20 వచనాలు. మూడు ముక్కలు చేయండి. 1 నుంచి 7 వరకు జనాభా లెక్కలు, బేత్లెహేము ప్రయాణం, పశువుల తొట్టి. 8 నుంచి 14 గొర్రెల కాపరులు, దూతలు. 15 నుంచి 20 కాపరులు వెళ్లి చూడటం. ముగ్గురు చదివితే ఎవరికీ బరువుండదు. "మరి జ్ఞానులేరమ్మా?" అని మా పాప అడిగింది. నక్షత్రాన్ని చూసి యేసుని వెతుక్కుంటూ వచ్చిన ఆ జ్ఞానులు మత్తయి 2వ అధ్యాయంలో వస్తారు. అది మర్నాటి ఉదయానికి ఉంచాం. మర్నాడు చదివాక అదే మళ్లీ ఇంకో సంగతి పట్టుకుంది. జ్ఞానులు ముగ్గురని అందులో లేదు, కానుకలే మూడు రకాలు. పైగా వాళ్లు వచ్చింది పశువుల పాకకి కాదు, ఇంటికి. మా బొమ్మల పాకలో జ్ఞానుల్ని అప్పటికప్పుడు తీసి గుమ్మం బయట నిలబెట్టింది.

ప్రసంగం ఇంట్లో ఎవరూ చేయొద్దు. ముఖ్యంగా నాన్నలు. దాని బదులు ఈ ఏడాది దేవుడికి దేనికి వందనాలు చెప్పాలనుందో ఒక్కొక్కరు రెండు మాటలు చెప్పాలి. మొదట ఎవరూ నోరు విప్పరు. ఆగండి, ఎవరో ఒకరు మొదలుపెడతారు. అయ్యగారి వాక్యం వినాలనుకుంటే రికార్డు అయ్యాక దించుకుని టీవీలో పెట్టుకోండి, చక్రం తిరగదు.

కానుకని మాత్రం మానకండి. కవర్లో పెట్టి తర్వాత చర్చికి పంపండి. పల్లెటూరి సంఘాల్లో చాలామంది అయ్యగార్లకి ఆదివారం కానుకలే ఆధారం. తలుపులు మూసిన నెలల్లో వాళ్ల ఇల్లు ఎలా గడిచిందో చాలామంది అడగనైనా అడగలేదు.

చివర ప్రభువు ప్రార్థన. మొత్తం నలభై నిమిషాలు దాటనివ్వకండి.

దూరంగా ఉన్నవాళ్లతో

మా తమ్ముడు లండన్‌లో ఉంటాడు. 2020 డిసెంబరు 19న అక్కడ వేరే ఇళ్లవాళ్లు కలవకూడదన్నారు, 22 అర్ధరాత్రి నుంచి మన దేశం అక్కడి విమానాలు ఆపేసింది. వాడు సర్దుకున్న పెట్టె సర్దినట్టే ఉండిపోయింది. ఏడున్నర టైము ఇందుకు కూడా కలిసొచ్చింది. మనకి రాత్రి ఏడున్నర అంటే లండన్‌లో మధ్యాహ్నం రెండు, న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది.

వీడియో కాల్‌లో అందరూ కలిసి పాడాలని చూడకండి. గొంతు ఆలస్యంగా చేరుతుంది, పాట గంగలో కలుస్తుంది. ఒక చరణం మీరు, ఒక చరణం వాళ్లు. ఒకరు పాడేటప్పుడు మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండాలి. ఉచిత జూమ్ నలభై నిమిషాలకి తెగిపోతుంది కాబట్టి పెద్దవాళ్లని ముందు మాట్లాడనివ్వండి.

ఖాళీ అయిన చోటు

2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనాకి చాలా ఇళ్లు మనుషుల్ని పోగొట్టుకున్నాయి. వాళ్లు లేని మొదటి క్రిస్మస్ ఆ డిసెంబరుదే. మీ ఇంట్లో అలా ఉంటే ప్రార్థనలో ఆ పేరు పలకండి, వాళ్లకి ఇష్టమైన కీర్తన ఒకటి పాడండి. పోయినవాళ్లు ప్రతి ఏటా చేసే పని ఏదైనా ఉంటే, స్టార్ కట్టడమో, కోడి కొనుక్కురావడమో, అది ఎవరు చేయాలో ముందే మాట్లాడుకోండి. ఆ క్షణానికి వదిలేస్తే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడుస్తారు. కొత్త బట్టలు వద్దన్నవాళ్లని బలవంతపెట్టొద్దు.

తెలిసినవాళ్ల ఇల్లయితే 24 పొద్దున్నే ఫోన్ చేయండి. హ్యాపీ క్రిస్మస్ అనకండి. "వదినా, ఏం వండుతున్నావు?" అనండి. ఏమీ వండట్లేదంటే ఒక గిన్నె మీ పొయ్యి మీద ఎక్కువ పెట్టండి.

25న: ఇరుగుపొరుగుకి

సంక్రాంతికి మనకి అరిసెలు, రంజాన్‌కి సేమ్యా పంపినవాళ్లకి క్రిస్మస్‌కి మన పళ్లెం వెళ్లాలి. ఆంక్షలున్నా ఇది ఆగక్కర్లేదు. చేత్తో విడిగా తీసుకునే తడి వంటకాలు వద్దు. అరిసెలు, జంతికలు, కేకు ముక్కలు మూత ఉన్న డబ్బాలో పెట్టి, గేటు గోడ మీద ఉంచి, ఫోన్ చేసి పక్కకి జరగండి. ఎదురింటావిడ 2020లో డబ్బా తీసుకుంటూ అక్కడే నిలబడి, మాస్కులోంచే మా వంటల్లో ఉప్పు గురించి పావుగంట మాట్లాడారు.

నక్షత్రాన్ని జనవరి 1 ఆరాధన దాకా ఉంచుతాం. తర్వాత కాగితం చించేసి, చట్రాన్ని అటక మీద పడేయండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది. మిగిలిన రంగు కాగితాలు దాచకండి. సంక్రాంతికి రెండు వారాలే ఉంటుంది, పక్కింటి పిల్లాడు గాలిపటాలకి అప్పటికే అడుగుతుంటాడు.