వేట నిషేధం రోజుల్లో ముసలి పిల్లి తిండి మానేస్తే: ఆకలి మందుకు ముందు జాగ్రత్తలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బరులో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉంటాయి. కవళ్లు, కానాగంతలు బజారుకు రావడం తగ్గుతుంది, వచ్చినవాటి ధర పెరుగుతుంది. ఎండ, ఉక్కపోత కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఏళ్ల తరబడి ఉడికించిన కవళ్లకు అలవాటు పడిన పిల్లి గిన్నె వాసన చూసి వెళ్లిపోతే, ఇంట్లో పెద్దవాళ్లు "చేప లేదని అలిగిందిలే, ఆకలేస్తే అదే తింటుంది" అంటారు. మా మామయ్యగారూ అదే అన్నారు. పడుచు పిల్లి అయితే ఆ మాట నిజం కావచ్చు. పదేళ్లు దాటిన పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం అలక అనుకోకుండా పశువైద్యుడికి ఫోను చేయాలి.

రెండు మూడు రోజులు తిండి లేకపోతే పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరి అక్కడే పేరుకుపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లికే ఈ ముప్పు ఎక్కువ. "ఒళ్లుంది కదా, రెండు రోజులు పస్తుంటే ఏమవుతుంది" అనే లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. చిగుళ్లు, చెవి లోపలి చర్మం పచ్చబడితే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆకలి మందు గురించి ఆలోచించే ముందు ఒక పూట పిల్లిని గమనించండి. గిన్నె దగ్గరికి ఆత్రంగా వచ్చి, ముద్ద నోట పెట్టుకుని వదిలేస్తే, లేదా ఒక పక్కే నములుతుంటే, పంటి నొప్పి కావచ్చు. వాసన చూడగానే పెదవులు నాక్కుంటూ, గుటకలు మింగుతూ వెనక్కి తగ్గితే అది వికారం. నీళ్లు ఎక్కువగా తాగుతూ, మూత్రం ఎక్కువగా పోస్తూ, ఒళ్లు తగ్గుతుంటే మూత్రపిండాలను అనుమానించాలి. ముసలి పిల్లుల్లో ఇది చాలా సాధారణం. పంటి నొప్పికి, వికారానికి వేరే చికిత్సలున్నాయి. కారణం వదిలేసి ఆకలి పెంచితే, తినాలని ఉండీ తినలేని బాధ ఒకటి పిల్లికి అదనంగా తగులుకుంటుంది. రక్త పరీక్ష చేయించకుండా మందు మొదలుపెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

బరువు రాసి పెట్టుకోండి. మీరు పిల్లిని ఎత్తుకుని తూకం చూసి, మీ బరువు తీసేయడం సులువే గాని, అందులో చిన్న తేడాలు దొరకవు. పసిపిల్లల తూకం దొరికితే మేలు. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో ఇరవయ్యో వంతు పోయినట్లే.

ఇక మందుల సంగతి. మన ఇళ్లలో మొదట చెయ్యి వెళ్లేది పిల్లల ఆకలి సిరప్ మీదికి. అందులో ఉండేది సాధారణంగా సైప్రోహెప్టడిన్. ఈ మందును పశువైద్యులూ పిల్లులకు వాడతారు, కానీ మాత్రగా, బరువు చూసి. సిరప్‌లో తీపి పదార్థాలు, కొన్నింటిలో అదనపు మందులు కూడా కలుస్తాయి. పైగా పిల్లి నోట్లో పోయగానే నురగ కక్కి సగం బయటికి ఉమ్మేస్తుంది. ఎంత లోపలికి వెళ్లిందో ఎవరు చెప్పగలరు? ఈ మందుతో కొన్ని పిల్లులు మత్తుగా పడుకుంటాయి, కొన్ని అందుకు విరుద్ధంగా రెచ్చిపోతాయి.

రెండోది మిర్టజపైన్. మనుషులకు మానసిక కుంగుబాటుకు ఇచ్చే మందు ఇది. పిల్లుల్లో వికారాన్ని కూడా తగ్గిస్తుంది. చెవి డొప్ప లోపలి చర్మానికి రాసే లేపనం రూపంలో 2018లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. మాత్రగా ఇస్తే పిల్లికి సాధారణ మోతాదు 1.88 మిల్లీగ్రాములు. మూత్రపిండాల జబ్బుంటే రోజు విడిచి రోజు. ఇక్కడే నేను తప్పటడుగు వేయబోయాను. డాక్టరుగారు "పావు మాత్ర" అన్నారు. ఆయన మనసులో ఉన్నది 7.5 మిల్లీగ్రాముల మాత్ర. దుకాణంలో చేతికిచ్చింది 15ది. దాంట్లో పావంటే 3.75, సరిగ్గా రెట్టింపు. ఇంటికి వచ్చాక అట్ట మీది అంకె చదివాను కాబట్టి సరిపోయింది. కాబట్టి చీటీలో "పావు" అని కాకుండా మిల్లీగ్రాముల్లో రాయించుకోండి.

మిర్టజపైన్ మోతాదు మించితే పిల్లి ఆగకుండా అరుస్తుంది, నిలకడ లేకుండా తిరుగుతుంది, వణుకుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి. అలాంటప్పుడు మరుసటి మోతాదు ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి. నొప్పికి ట్రమడాల్ వాడుతున్నా, ప్రవర్తన కోసం ఫ్లూయోక్సెటిన్ ఇస్తున్నా ముందే చెప్పండి, ఇవి కలిస్తే ప్రమాదం. పై రెండు ఆకలి మందులనూ కలిపి ఇవ్వకూడదు. మిర్టజపైన్ చేసే పనిని సైప్రోహెప్టడిన్ అడ్డుకుంటుంది. డాక్టరుగారు వేళ చెప్పకపోతే ఉదయం ఇవ్వవచ్చా అని అడగండి. రాత్రి ఇస్తే అపార్టుమెంటంతా మీ పిల్లి కచేరీ వినాల్సి వస్తుంది. లేపనమైతే చేతికి తొడుగు వేసుకుని, రోజుకో చెవికి మార్చి రాయాలి.

కాప్రోమోరెలిన్ అనే మూడో మందూ ఉంది. అది రక్తంలో చక్కెర పెంచగలదు, కాబట్టి మధుమేహం ఉన్న పిల్లి విషయంలో డాక్టరు ఆచితూచి నిర్ణయించాలి. మనుషులకు ఆందోళన తగ్గడానికి ఇచ్చే డయాజిపామ్ ఇంట్లో మిగిలి ఉన్నా, ఆకలి కోసం పిల్లికి అది వద్దు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు కొన్ని పిల్లుల కాలేయం దెబ్బతిని ప్రాణం పోయిన దాఖలాలున్నాయి. పారాసెటమాల్ పిల్లికి విషమే, "ఒళ్లు వేడిగా ఉంది" అని ఒక ముక్క కూడా ఇవ్వకండి.

విశాఖ తేమకు విరిచిన మాత్ర త్వరగా మెత్తబడుతుంది. ఒకేసారి నాలుగు ముక్కలు చేసి పెట్టకుండా, మిగతాది మూత బిగువుగా ఉన్న పొడి డబ్బాలో ఉంచండి. మాత్ర మింగించాక సూది లేని సిరంజితో కాస్త నీళ్లు ఇవ్వాలి. పొడిగా మింగితే గొంతు గొట్టంలో ఇరుక్కుని పుండు చేయవచ్చు.

తిండిని గోరువెచ్చగా చేసి పెట్టండి, వాసన లేస్తుంది. ఉక్కపోతలో అరగంటలో గిన్నె తీసేయాలి. నోట్లో కుక్కవద్దు. ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పైగా ఆ తిండి అంటేనే దానికి రోత పుడుతుంది. చేప లేదు కదా అని ఎండు చేప పెట్టకండి. ఆ ఉప్పు మూత్రపిండాలు బాగోలేని పిల్లికి పడదు. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు ముక్కలు అసలే వద్దు. పచ్చి నెత్తళ్లు రోజూ పెట్టినా బీ1 విటమిన్ తగ్గిపోతుంది. ఆ లోపానికి తొలి గుర్తు మళ్లీ ఆకలి చచ్చిపోవడమే.

జూన్ 15 తర్వాత బోట్లు వెళ్లి, చేపలు వచ్చాక ఉప్పు, పసుపు లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, రోజువారీ తిండి మీద రెండు ముక్కలు చిదిమి వేయండి. గిన్నె నిండా చేపే పెట్టారంటే వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ ఇదే పేచీ.