పికప్‌కు కొత్త రిమ్ములు, టైర్లు: డబ్బు కట్టేముందు ఏమేం కొలవాలి?

మామిడి సీజన్లో దామలచెరువు వైపు తోతాపురి లోడుతో వెళ్లే పికప్‌ల యజమానులు రిమ్ముల జోలికి పెద్దగా పోరు. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ లాంటి బండిని సొంతానికి కొన్నవాళ్లకే వెడల్పు రిమ్ములు, లావు టైర్ల మీద మనసు లాగుతుంది. తిరుపతిలో ఏ షాపుకు వెళ్లినా ముందు డిజైన్, ధర చూపిస్తారు. మీరు ముందు అడగాల్సింది మాత్రం బ్యాక్‌స్పేసింగ్ ఎంత అని.

చక్రాన్ని హబ్‌కు (ఇరుసు చివర చక్రం కూర్చునే భాగానికి) బిగించే ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు దాకా ఉండే దూరమే బ్యాక్‌స్పేసింగ్. అది పెరిగితే చక్రం బండి లోపలికి, తగ్గితే బయటికి జరుగుతుంది.

మొదట పాత రిమ్ము కొలవండి

పంచర్ షాపులో టైరు విప్పినప్పుడే ఈ పని చేసుకోవడం మేలు. టైరు ఉంటే దాని పక్కగోడ రిమ్ము అంచు దాటి ఉబ్బి ఉంటుంది, కొలత తప్పుతుంది. కింద గోనెసంచి పరిచి రిమ్మును బోర్లా పెట్టండి, అంటే బయటికి కనిపించే వైపు నేలకు ఉండాలి. పైకి వచ్చిన లోపలి అంచు మీద ఒక స్టీలు స్కేలు గానీ నిటారైన చెక్కపట్టీ గానీ అడ్డంగా ఆనించి, అక్కడి నుంచి హబ్‌కు ఆనే ముఖం దాకా టేపుతో నిలువుగా కొలవండి. బోల్టు రంధ్రాలున్న చదునైన భాగమే ఆ ముఖం. వచ్చిన అంకె రాసి పెట్టుకోండి.

కొత్త రిమ్ము మీద బ్యాక్‌స్పేసింగ్ ఉండకపోవచ్చు. ఈటీ (ET) అనే అక్షరాల పక్కన ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో, మిల్లీమీటర్లలో ఉంటుంది. లెక్క తేలికే. 8 అంగుళాల రిమ్ముకు రెండు అంచులూ కలిపితే మొత్తం వెడల్పు సుమారు 9 అంగుళాలు, అందులో సగం 114 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ 30 అయితే కలపండి: 144, అంటే దాదాపు 5.7 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్. మైనస్ ఆఫ్‌సెట్ అయితే తీసేయండి.

ఇప్పుడు దీని బదులు 9 అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ రిమ్ము వేశారనుకోండి. బయటి అంచు సుమారు 43 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. చూడ్డానికి బండి భలే ఉంటుంది, నిజమే. కానీ బరువు హబ్‌కు దూరంగా పడి బేరింగుల మీద భారం పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిని లాగుతుంది, మలుపులో టైరు ఫెండర్‌ను గీరుతుంది, వానాకాలం బురదంతా డోర్ల మీదికే. మరీ లోపలికి జరిగితే ముందు సస్పెన్షన్ ఆర్ముకో, వెనక కమాన్ కట్టలకో రాసుకుంటుంది. నా మాట వింటే ఫ్యాక్టరీ కొలతకు వీలైనంత దగ్గరగానే ఉండండి. ఘాట్లలో లోడుతో తిరిగే బండికైతే అసలు మార్చకండి. హబ్‌కూ రిమ్ముకూ మధ్య స్పేసర్లు అనే బిళ్లలు వేసి సర్దుకుందామనే ఆలోచన కూడా వద్దు.

టైరు ఎంత ఎత్తు?

ఉదాహరణకు 255/60 ఆర్18 టైరును తీసుకోండి. 255 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 60 అంటే అందులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 18 అంటే అంగుళాల్లో రిమ్ము సైజు. 255లో 60 శాతం 153. పైనా కిందా రెండు పక్కగోడలు కాబట్టి 306. దానికి 18 అంగుళాల రిమ్ము 457 కలిపితే 763 మిల్లీమీటర్లు. 265/60 వేస్తే 775, తేడా 1.6 శాతమే. 285/60 వేస్తే 799, దాదాపు 5 శాతం. అప్పుడు మీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా 84 దగ్గర పోతుంటుంది. పైగా అంత మార్చినా బండి లేచేది 18 మిల్లీమీటర్లే, ఎందుకంటే ఎత్తులో సగమే గ్రౌండ్ క్లియరెన్స్‌కు వస్తుంది. తేడా 3 శాతం దాటనివ్వకండి.

టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ అంకె కూడా చూడండి. 112 అంటే ఒక్కో టైరుకు 1,120 కిలోలు. పాత టైరు కన్నా తక్కువది ఎంత చవకైనా తీసుకోవద్దు. లోడుతో మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఈ అంకె విలువ తెలుస్తుంది. రిమ్ముకూ కిలోల పరిమితి ఉంటుంది, అదీ అడగండి. బోల్టుల పీసీడీ (బోల్టు రంధ్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం), రిమ్ము మధ్య రంధ్రం సరిపోవాలని వేరే చెప్పక్కర్లేదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్పులు చేయకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర టెన్షన్ వద్దనుకుంటే, మీ మోడల్‌లోనే పై స్థాయి వేరియంట్లకు కంపెనీయే ఇచ్చే సైజుల్లోంచి ఎంచుకోండి.

ముందు ఒక్క చక్రమే బిగించి చూపించమనండి

నాలుగూ ఒకేసారి బిగించనివ్వకండి. ముందు ఒక్కటి బిగించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపల వేలు పట్టే సందు ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. తర్వాత వెనక బరువు వేసి, ఒక చక్రాన్ని ర్యాంపు ఎక్కించి మళ్లీ చూడండి. ఖాళీ బండికి తగలని టైరు లోడులో తగులుతుంది.

అన్నీ బిగించాక అలైన్‌మెంట్ చేయించండి. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించండి. స్టెప్నీ కూడా అదే ఎత్తుది కొనండి, లేకపోతే పంచరైనప్పుడు దాన్ని వేసుకొని ఫోర్‌వీల్ డ్రైవ్ వాడితే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.