పిల్లలకు సాగర్ కాలువ చూపించే ముందు

- నీళ్లు ఎప్పుడు వదులుతారో ఆయకట్టు రైతుల్ని అడగండి. నిన్న ఎండిన కాలువ ఇవాళ నిండుగా పారొచ్చు.

- ఎడమ కాలువకు సిమెంటు లైనింగ్ ఉన్నచోట గట్టు దిగనివ్వొద్దు. ఏటవాలు, పైగా నీటి అంచున పాకుడు. జారితే ఈతొచ్చిన పెద్దోళ్లకే పట్టు దొరకదు. బట్టలుతికే మెట్లయినా అంతే.

- తూములు, షట్టర్ల దగ్గర నీళ్లు పైకి నిదానంగా కనిపిస్తాయి, అడుగున లాగేస్తాయి. షట్టర్ ఎలా పనిచేస్తుందో వంతెన మీంచే చూపించండి, చెయ్యి పట్టుకుని.

- జూరాల వెళ్తే దిగువ బండల మీదికి వద్దు. గేట్లెత్తితే కృష్ణ చూస్తుండగానే పెరుగుతుంది.

- పొడవాటి తాడు తప్పనిసరి. ఎవరైనా పడితే దూకకండి, తాడో చీరో విసిరి 112కు ఫోన్ చేయండి.

- టోపీలు, తాగునీళ్లు. సెల్ఫీల పిచ్చి ఉన్న మామయ్యను ఇంట్లోనే ఉంచండి.