తను మీ దగ్గరికి వచ్చే రోజులు: విదేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి

ఉద్యోగం ఒక దేశంలో, మనసిచ్చిన మనిషి ఇంకో దేశంలో. ఇలా బతకడం మొదలుపెట్టినవాళ్లకు ఇల్లు ఎలా వెతుక్కోవాలో, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. తను వచ్చి మీతో ఉండే ఆ కొద్ది వారాలు ఎలా గడపాలో చెప్పేవాళ్లు తక్కువ. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఆ రోజులన్నిటినీ విహారయాత్ర చేసేయకండి. మీరు రోజూ ఎలా బతుకుతున్నారో అందులోకి తనను రానివ్వండి.

ముందు వీసా సంగతి తేలాలి. టికెట్లు, సెలవులు అన్నీ దాని వెనకే. ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల కూటమి షెంజెన్‌లో దేశాలు 29 ఉన్నా లెక్క మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే: ఏ 180 రోజులు తీసుకున్నా తను అక్కడ 90 రోజులకు మించి ఉండకూడదు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఈ 180 రోజులు జనవరిలో మొదలై జూన్‌లో ముగిసేవి కావు. తను అక్కడున్న ప్రతి రోజు నుంచీ వెనక్కి లెక్కపెడతారు. అందుకే రెండోసారి వచ్చేటప్పుడు చాలామంది తప్పు లెక్క వేసుకుంటారు. 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకలను వేలిముద్రలు, ముఖం ఫోటోతో కంప్యూటర్లో నమోదు చేసే పద్ధతి దశలవారీగా మొదలైంది కాబట్టి ఒక్క రోజు ఎక్కువైనా బయటపడుతుంది. షెంజెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే ఇవ్వొచ్చు, కనీసం 15 రోజుల ముందే ఇచ్చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అమెరికాలో లెక్క వేరు. వీసా మీద పదేళ్ల గడువు ఉన్నా, ఈసారి ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది అక్కడ దిగినప్పుడు ఇచ్చే ఐ-94 అనే రాక నమోదు పత్రంలోని తేదీయే. తను ఇంటికి చేరగానే ఆ తేదీ ఇద్దరూ కలిసి చూసుకోండి. బ్రిటన్ మామూలు సందర్శక వీసా అయితే ఒక్కో రాకకు 6 నెలల వరకు ఉండనిస్తుంది.

ఎందుకు వస్తున్నారని వీసా అధికారో విమానాశ్రయంలోని అధికారో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమనండి. పెళ్లయినా కాకపోయినా సరే, మీ సంబంధాన్ని దాచి ‘ఊరు చూడ్డానికి’ అని చెప్తే, ఫోన్లో మీ సందేశాలు చూసిన అధికారికి అనుమానం పెరుగుతుందే కానీ తగ్గదు. ఆయన అసలు సందేహం, ఈ మనిషి తిరిగి వెళ్తారా లేదా అన్నది. తన ఆఫీసు ఇచ్చిన సెలవు ఉత్తరం, చదువో ఉద్యోగమో అక్కడ కొనసాగుతోందనే కాగితాలు, తిరుగు టికెట్టు దానికి జవాబు చెప్తాయి. మీ వైపు నుంచి ఆహ్వాన ఉత్తరం, ఇంటి అద్దె ఒప్పందం, జీతం రసీదులు పంపండి.

తను ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఇక్కడి నుంచే తన ఆఫీసు పని చేస్తానంటే ముందు నిబంధన చదవండి. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి సందర్శకులను అలా పనిచేసుకోనిస్తోంది, అయితే వచ్చిన ముఖ్య ఉద్దేశం ఆ పని కాకూడదు. అన్ని దేశాలూ అంతే అనుకోవద్దు. అద్దె ఒప్పందంలో అతిథులు ఎన్నాళ్లుండొచ్చో రాసి ఉండొచ్చు, అదీ చూడండి. చైనాలో అయితే ఇంట్లో దిగిన విదేశీయులు 24 గంటల్లోగా పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి.

ఇక సెలవులు. తను దిగిన రోజు నుంచే వారమంతా సెలవు పెట్టేస్తారు చాలామంది. నాకది నచ్చదు. గడియారం తేడాకు శరీరం సర్దుకోవడానికి గంట తేడాకు ఇంచుమించు ఒక రోజు పడుతుంది, తూర్పు వైపు ప్రయాణమైతే ఇంకాస్త ఎక్కువ. పగలు నిద్ర, రాత్రి మెలకువతో ఆ సెలవులన్నీ హరించుకుపోతాయి. వచ్చిన మర్నాడు ఇంట్లో ఉండి, తర్వాత కొన్ని రోజులు ఆఫీసుకు వెళ్లండి. మిగిలిన సెలవు మధ్యలోకి, చివరి రెండు రోజులకు దాచుకోండి. తను వస్తున్న సంగతి మేనేజరుకు ముందే చెప్పి, సాయంత్రం మీటింగులు తగ్గించుకోండి. చెప్పిన వేళకు ఇంటికి రావడం సగం రోజు సెలవు కంటే విలువైనది.

మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ తను ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తే మాత్రం ఆ రోజులు ఇద్దరికీ బరువవుతాయి. తనకంటూ ఒక తాళంచెవి, పనిచేసే సిమ్, బస్సు కార్డు మొదటి రోజే చేతికివ్వండి. ఇంటి చిరునామా, అత్యవసర నంబరు కాగితం మీద రాసివ్వండి. ఐరోపా సమాఖ్య దేశాల్లో 112, అమెరికాలో 911. తను ఒక్కరే బయటికి వెళ్లి, దారి తప్పి, దారి కనుక్కుని వచ్చిన రోజున ఆ ఊరు తనదీ అవుతుంది. ఆ తర్వాత ఫోన్లో మీరు ‘ఆ మలుపు దగ్గర’ అంటే తనకు కళ్లకు కడుతుంది. మీ ఆఫీసువాళ్లను, ఇరుగుపొరుగును కూడా కలపండి. ఇన్నాళ్లూ పేర్లు మాత్రమే విన్నవాళ్లు మనుషులుగా మారతారు.

గొడవ గురించి కూడా చెప్పాలి. ఫోన్లో మాట్లాడేటప్పుడు రోజులో మంచి గంటే ఇద్దరూ ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఒకే గదిలో ఉన్నప్పుడు అలసట, చిరాకు, కడగని గిన్నెలు, ఎవరు ఎప్పుడు దీపం ఆర్పాలన్నది అన్నీ కనిపిస్తాయి. నెలల తరబడి ఒంటరిగా ఉన్న మీకు మీవంటూ కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి, తనకూ అంతే. రెండు మూడు రోజులకే చిన్న మాటకు పెద్ద కోపం వస్తే ప్రేమ తగ్గిందని బెంగపడకండి. ఉన్న రోజులు తక్కువ కదా అని అన్నీ మింగేయడమే ప్రమాదం. మింగినవి విమానాశ్రయంలో బయటికొస్తాయి. అప్పటికప్పుడు చెప్పేసుకుని, కాసేపు వేర్వేరుగా గడపడానికి కూడా ఒప్పుకోండి. తను రాకముందే బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఉంచండి. ఎంత చిన్న పనైనా, తను సూట్‌కేసులోంచే బట్టలు తీసుకుంటూ గడపనక్కర్లేదు.

డబ్బు మాట ముందే మాట్లాడుకోండి. వచ్చేవాళ్లకు టికెట్టు ఖర్చుతో పాటు వాడేసిన సెలవులూ ఖర్చే. ప్రతిసారీ ఒకరే రావడం మంచిది కాదు. వీలైతే మీరూ వెళ్లండి, లేదా ఇద్దరికీ వీసా సులువుగా దొరికే మూడో చోట కలవండి.

తను వెళ్లే రోజున ఆఫీసు పెట్టుకోకండి. వెళ్లేలోపే తర్వాతి రాక ఏ నెలలోనో అనుకుని, మిగిలిన వీసా రోజులు లెక్కేసుకోండి. ఫోన్ వేళలూ మళ్లీ కుదుర్చుకోవాలి. ఐరోపాలో చాలాచోట్ల మార్చి నెల చివరి ఆదివారం, అక్టోబరు నెల చివరి ఆదివారం గడియారాలు మారతాయి. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారతాయి. గడియారం మార్చని దేశంలో ఉన్నవారికి మీ ఫోను హఠాత్తుగా గంట అటో ఇటో వస్తుంది.

ఇక ఇద్దరూ ఒకేచోట ఉండిపోవాలనుకుంటే, సందర్శక వీసా మీద వచ్చి ఇక్కడే మార్పించుకోవచ్చనే ఆశతో రమ్మనకండి. బ్రిటన్‌లో సందర్శకులుగా వచ్చినవారు దేశంలో ఉండగా భాగస్వామి వీసాకు మారడానికి సాధారణంగా కుదరదు. ఆ దరఖాస్తుకు కావలసిన కాగితాలు తను తిరిగి వెళ్లగానే సమకూర్చుకోవడం మొదలుపెట్టండి.